శివారు జిల్లా ఆరోగ్య లెక్కలు కట్టడం ఎలా? మేడ్చల్–మల్కాజిగిరి ఉదాహరణగా

జిల్లా ఆరోగ్యం గురించి చెప్పే దాదాపు ప్రతి అంకె వెనకా ఒక భిన్నం ఉంటుంది. పైన లవం: కాన్పులు, చావులు, డెంగీ కేసులు, వేసిన టీకాలు. కింద హారం: ఆ లవం ఎవరి నుంచి వచ్చిందో ఆ జనం. నగరానికి దూరంగా ఉన్న జిల్లాలో ఈ రెండూ ఇంచుమించు ఒకే జనానివి. నగరాన్ని ఆనుకుని ఉన్న జిల్లాలో అలా కుదరదు. కాప్రాలో కాపురం ఉండే ఆమె గాంధీ ఆసుపత్రిలో బిడ్డను కంటే ఆ పుట్టుక హైదరాబాద్ జిల్లా రిజిస్టర్లోకి ఎక్కుతుంది. జనగామ నుంచి ఉప్పల్ ప్రైవేటు ఆసుపత్రికి వచ్చి చనిపోయిన మనిషి మేడ్చల్–మల్కాజిగిరి మరణాల్లో కలుస్తాడు. లవం ఒక జనానిది, హారం మరో జనానిది అయ్యాక వచ్చే రేటుకు అర్థం ఉండదు. అందుకే ఈ జిల్లా నివేదిక రాయబోయే వాళ్లు పనిలో మూడొంతులు హారం, చిరునామా సరిచేయడానికే కేటాయించుకోవాలి. రేటు కట్టడం చివర్లో అరపూట పని.

ముందు హద్దు గీసుకోండి

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. చివరి జనగణన 2011లో జరిగింది. అంటే ఈ జిల్లా పేరుతో జనగణన పట్టిక ఒక్కటీ లేదు. 2011 పట్టికల్లో ఉన్నది పాత రంగారెడ్డి జిల్లా: 37 మండలాలు, 52,96,741 మంది. 2016లో అందులోంచి మేడ్చల్–మల్కాజిగిరి, వికారాబాద్ విడిపోయాయి. మిగిలిన దానికి మహబూబ్‌నగర్ వైపు నుంచి షాద్‌నగర్ ప్రాంతం కలిసింది. కాబట్టి 2011 నాటి 'రంగారెడ్డి', ఇప్పటి 'రంగారెడ్డి' పేరుకే ఒకటి. రెండింటినీ ఒకే గ్రాఫులో పక్కపక్కన పెట్టి 'జనాభా సగం పడిపోయింది' అనే స్థాయి తప్పులు అచ్చయిన నివేదికల్లోనే దొర్లుతుంటాయి.

ఇప్పటి జిల్లాకు 2011 జనాభా కావాలంటే ఊరు ఊరుగా, వార్డు వార్డుగా కూడుకోవాలి. కావలసినవి రెండే: 2011 జనగణన ప్రాథమిక సారాంశ పట్టిక, జిల్లా ఏర్పాటు గెజిట్‌లో మండలాలవారీగా ఇచ్చిన ఊళ్ల జాబితా. ఎక్సెల్‌లో ఒక్కో ఊరికి ఒక్కో వరుస వేయండి. మొదటి గడిలో ఆరంకెల జనగణన కోడ్, తర్వాత పాత మండలం, కొత్త మండలం, మొత్తం జనాభా, 0–6 ఏళ్ల పిల్లలు, ఆడ, మగ. పేర్లతో కలపొద్దు, కోడ్‌తోనే కలపండి. కుత్బుల్లాపూర్ లాంటి పేరును ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. పేరు మీద కలిపితే కొన్ని వరుసలు చప్పుడు కాకుండా జారిపోతాయి. మేడిపల్లి, బాచుపల్లి, దుండిగల్ గండిమైసమ్మ లాంటివి 2016లో పుట్టిన మండలాలు. వీటికి 2011 వరుస వెతికినా దొరకదు, ఊళ్లు కూడితేనే వస్తుంది.

పట్టణ భాగం ఇంకా చిక్కు. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ నగరపాలక సంస్థతో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఏర్పడింది. మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా, ఉప్పల్, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ 2001 జనగణనలో వేర్వేరు మున్సిపాలిటీలు, 2011లో జీహెచ్‌ఎంసీ వార్డులు. 2001తో పోల్చాలనుకుంటే పాత మున్సిపాలిటీ మొత్తాలు తీసుకుని, 2011 వార్డులను వాటి కింద సర్దాలి. రెండు మున్సిపాలిటీల మీద పడ్డ వార్డును ఎటు వేశారో పక్క గడిలో రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత మీకే గుర్తుండదు.

కూడిక అయ్యాక ఒక పరీక్ష. ఈ జిల్లాకు 2011 జనాభాగా ప్రచురణల్లో 24,40,073 అని ఒకటి, 24,60,095 అని మరొకటి కనిపిస్తాయి. తేడా 20,022. మీ మొత్తం ఈ రెండింటిలో దేని దగ్గరికి వచ్చిందో చూసి ఆ అంకెనే చివరిదాకా వాడండి. ఒక పేజీలో ఒకటి, మరో పేజీలో ఇంకొకటి వాడటమే అసలు తప్పు.

కంటోన్మెంటును మరిచిపోవద్దు. మల్కాజిగిరి, అల్వాల్ పక్కనే ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో జనన మరణాల నమోదు కంటోన్మెంట్ బోర్డుది. అక్కడి కాలనీల వాళ్లు చిరునామాలో 'అల్వాల్' అని రాయడం మామూలే. పిన్ కోడ్ చూసి జిల్లా నిర్ణయిస్తే ఇక్కడ మోసపోతారు. తపాలా హద్దు వేరు, రెవెన్యూ హద్దు వేరు.

ఇవాళ్టి జనాభా: ఒక అంకె కాదు, ఒక పరిధి

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. కొత్త జనగణన నోటిఫికేషన్ 2025 జూన్ 16న వచ్చింది, లెక్కకు గడియ 2027 మార్చి 1. ఆ ఫలితాలు చేతికొచ్చేదాకా 2011 అంకెను ముందుకు జరుపుకోవాల్సిందే. ఎంత వేగంతో జరపాలన్నదే తగువు.

పాత రంగారెడ్డి 2001లో 35,75,064 నుంచి పదేళ్లలో 48.16 శాతం పెరిగింది. దీన్ని పదితో భాగించి ఏటా 4.8 శాతం అనుకోవద్దు. చక్రవడ్డీ లెక్కన ఏటా 4.01 శాతం. ఇదే వేగం కొనసాగిందనుకుంటే 24.6 లక్షలు 2025 మార్చికి, అంటే 14 ఏళ్లలో, సుమారు 42.7 లక్షలవుతాయి. అలా కాకుండా కేంద్ర సాంకేతిక బృందం 2020లో ఇచ్చిన రాష్ట్ర అంచనా వేగం తీసుకుంటే (2011లో 3.50 కోట్లు, 2021లో సుమారు 3.77 కోట్లు, అంటే ఏటా 0.74 శాతం) 27.3 లక్షలే వస్తాయి. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. రాష్ట్ర వేగం శివారుకు మరీ తక్కువ. 2001–2011 వేగంలో నగరం ఒక్కసారిగా ఒళ్లు విరుచుకున్న కాలపు ఊపు ఉంది.

ఈ తేడా రేటును ఎంత మారుస్తుందో చూడండి. ఏడాదికి 36,000 పుట్టుకలు అనుకుందాం. హారం 27.3 లక్షలైతే జనన రేటు వెయ్యికి 13.2. అదే 42.7 లక్షలైతే 8.4. ఒకే పుట్టుకలు, ఒకే జిల్లా. అందువల్ల రేటును పరిధిగా ఇవ్వండి. లేదా ఏ జనాభాతో భాగించారో ఆ పట్టిక కిందే రాయండి. 'అంచనా జనాభా' అని ముక్తసరిగా రాసి వదిలేస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

పరిధిని కుదించడానికి పక్కదారి ఆధారాలు ఉన్నాయి. దేని జబ్బు దానిది. ఓటరు జాబితాలో 18 దాటిన వాళ్లే ఉంటారు. పైగా ఇక్కడ ఇల్లున్నా ఓటు సొంతూళ్లో ఉంచుకునే వాళ్లు, రెండు చోట్లా ఉన్నవాళ్లు బోలెడు. మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2024లో దాదాపు 37.8 లక్షల ఓటర్లు ఉన్నారని చదివి అదే జిల్లా అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ స్థానంలోని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఎల్‌బీ నగర్ రంగారెడ్డి జిల్లాది, కంటోన్మెంట్ హైదరాబాద్‌ది. జిల్లాకు మిగిలేవి మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్. ఈ ఐదింటినే కూడండి. గృహ కరెంటు కనెక్షన్లు పెరుగుదలను బాగా పట్టిస్తాయి, కానీ తాళం వేసిన ఫ్లాటుకూ మీటరు ఉంటుంది. మరోవైపు ఒకే మీటరు కింద నాలుగు కుటుంబాలు అద్దెకుండే ఇళ్లు జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం పారిశ్రామిక వాడల చుట్టూ వీధికి పది కనిపిస్తాయి. ఆశ కార్యకర్తల ఇంటింటి జాబితా ఉన్నచోట అన్నింటికంటే నమ్మదగింది. కాకపోతే గేటెడ్ కాలనీలోకి ఆశను రానివ్వరు. అందుకే పెద్ద అపార్టుమెంట్లు ఆ జాబితాలో తేలవు.

సర్వే ఏ రోజుల్లో జరిగిందో కూడా అడగండి. సంక్రాంతి వారంలో శివారు కాలనీలు సగం ఖాళీ. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు నగరం నుంచి జనం బస్సులెక్కి సొంతూళ్లకు వెళ్లి అక్కడ పేర్లు రాయించుకున్నారు. ఆ లెక్కతో శివారు జనాభా తేల్చితే తక్కువే వస్తుంది.

రేటు కట్టే ముందు హారం ఏ తేదీదో సరిచూడండి. క్యాలెండర్ ఏడాది ఘటనలకు జులై 1 నాటి జనాభా, ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడిచే ఆర్థిక సంవత్సరం ఘటనలకు అక్టోబర్ 1 నాటి జనాభా. ఏటా 3 శాతం పెరిగే చోట మార్చి 1 అంకెను అలాగే వాడితే ఒకటి నుంచి రెండు శాతం తప్పు ఊరికే వచ్చి కూర్చుంటుంది.

పుట్టుకలు, చావులు: ఎక్కడ జరిగాయి, ఎవరివి

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఘటన జరిగిన చోటే నమోదు చేయాలి. గడువు 21 రోజులు. 30 రోజుల వరకు ఆలస్య రుసుము, ఏడాది వరకు అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు. 2023 సవరణ అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాక జనన ధ్రువపత్రం అవసరం పెరిగింది. దాంతో పాత పుట్టుకల ఆలస్యపు నమోదులూ వస్తుంటాయి. 'ఈ ఏడాది నమోదైన పుట్టుకలు' వేరు, 'ఈ ఏడాది జరిగిన పుట్టుకలు' వేరు. నమోదు తేదీతో కాక పుట్టిన తేదీతో వడపోయండి. డిసెంబర్ పుట్టుకలు జనవరిలోనూ, ఆ తర్వాతా రిజిస్టరుకు ఎక్కుతాయి కాబట్టి ఏడాది లెక్కను తర్వాతి ఏప్రిల్‌కు ముందు ముగించకండి.

అసలు పని నివాసం తేల్చడం. జనన నివేదిక ఫారం 1లో రెండు భాగాలు ఉంటాయి. చట్టపరమైన భాగం రిజిస్ట్రార్ దగ్గర ఉండిపోతుంది. గణాంక భాగాన్ని చించి పైకి పంపుతారు. తల్లి మామూలుగా ఉండే ఊరు లేదా పట్టణం గణాంక భాగంలో ఉంటుంది. చట్టపరమైన భాగంలో రెండు చిరునామాలు: కాన్పు నాటికి తల్లిదండ్రులు ఉంటున్నది, శాశ్వతమైనది. శాశ్వత చిరునామా తీసుకుంటే శివారు జిల్లా సగం మాయమై నల్గొండ, కరీంనగర్, శ్రీకాకుళం తేలుతాయి. జనం ఆ గడిలో సొంతూరే రాస్తారు మరి. కాన్పు నాటి చిరునామానే వాడండి.

అలాగని అది కూడా కడిగిన ముత్యమేం కాదు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. నిజాంపేటలో కాపురం ఉండే అమ్మాయి ఏడో నెలలో పుట్టింటికి వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో కని, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగొస్తుంది. ఆ పుట్టుక పుట్టింటి జిల్లాలో నమోదవుతుంది, చాలాసార్లు పుట్టింటి చిరునామాతోనే. కొత్తగా పెళ్లయిన జంటలు ఎక్కువగా చేరే శివారులో ఈ లోటు చిన్నది కాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం: నమోదైన కాన్పుల్లో తొలి కాన్పుల వాటా ఎంతో చూడండి. అదే జిల్లాలో గర్భిణులుగా నమోదైన వాళ్లలో తొలి చూలు వాళ్ల వాటా ఎంతో చూడండి. మొదటిది బాగా తక్కువగా ఉంటే లోటు పుట్టింటి దారినే పోతోంది.

పని వరుస ఇలా పెట్టుకోండి. మీ జిల్లాలో జరిగిన పుట్టుకల మొత్తం తీయండి. అందులోంచి తల్లి నివాసం జిల్లా బయట ఉన్నవి తీసేయండి. హైదరాబాద్ జిల్లా రిజిస్టర్లలోంచి తల్లి నివాసం మీ జిల్లాగా ఉన్నవి కలపండి. ముఖ్యంగా గాంధీ, నీలోఫర్, పేట్ల బురుజు ప్రసూతి ఆసుపత్రి చూస్తే పెద్ద ముక్క దొరికినట్టే. రంగారెడ్డి, సంగారెడ్డి వైపు కూడా ఇదే. 'హైదరాబాద్' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన చిరునామాలను విడిగా ఒక సంచిలో పెట్టండి. వాటిని తోచినట్టు పంచొద్దు. అవి ఎన్ని శాతమో నివేదికలో చెప్పండి. పది శాతం దాటితే మండల స్థాయి రేట్లు ఇవ్వకపోవడమే మేలు.

మరణాలకు ఫారం 2, ఇదే పద్ధతి. కారణం దగ్గరకొచ్చేసరికి ఆసుపత్రి చావులకు ఫారం 4, ఇంటి దగ్గర పోయిన వాళ్లకు, వైద్యుడు చూసి ఉంటే, 4ఎ. ఫారం 4లో మొదటి భాగం వరుసల్లో అన్నింటికంటే కింద రాసేదే మూలకారణం. అక్కడ 'గుండె ఆగిపోవడం, ఊపిరి ఆగిపోవడం' అని ఉంటే అది కారణం కాదు, చావు జరిగిన తీరు. గుండె ఆగకుండా ఎవరు పోతారు? ఇలాంటివి ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టండి. నాలుగో వంతు మించితే 'మరణాలకు ప్రధాన కారణాలు' అనే పట్టికను వదిలేయండి. ఉన్న పత్రాలను బట్టి గుండె జబ్బు మొదటి స్థానంలో ఉందని రాస్తే మీరు చెప్పేది జబ్బు గురించి కాదు, డాక్టరు రాసే అలవాటు గురించి.

వయసు గడి కూడా తనిఖీ చేయండి. 60, 65, 70 దగ్గర కుప్పలు పడతాయి. విపుల్ (Whipple) సూచికతో కొలవొచ్చు: 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో వయసు చివర 0 లేదా 5 ఉన్నవాళ్లను కూడి, ఐదుతో గుణించి, ఆ వయసుల మొత్తంతో భాగించి వందతో గుణించాలి. కుప్పలు లేకపోతే 100 వస్తుంది, అందరూ 0, 5 చెప్పి ఉంటే 500. పెద్ద అంకె వస్తే ఒక్కో ఏడాది వయసు పట్టికలు మానేసి పదేళ్ల గుంపులతో సరిపెట్టుకోండి.

టీకాలు 143 శాతం ఎందుకవుతాయి

ఆరోగ్య శాఖ నెలవారీ లెక్క, అంటే హెచ్‌ఎంఐఎస్, ఆసుపత్రులు, కేంద్రాలు పంపే అంకెల మొత్తం. అది ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తుంది. ఘటన ఏ కేంద్రంలో జరిగితే ఆ కేంద్రం ఖాతాలో పడుతుంది. ప్రైవేటు ఆసుపత్రులన్నీ ప్రతి నెలా పంపవు. కాబట్టి అంకె చూసే ముందు ఆ నెలలో ఎన్ని కేంద్రాలు పంపాయో చూడాలి. గత నెల 92, ఈ నెల 61 కేంద్రాలు పంపితే కాన్పులు తగ్గినట్టు కాదు.

పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒకటి 50,000 జనాభాకు అన్న కొలతతో పెడతారు. లక్ష్యాలు ఆ కేటాయింపు మీదే కడతారు. తెలంగాణ జనన రేటు 2020 నమూనా నమోదు (ఎంచిన ఊళ్లు, వార్డుల్లో కేంద్రం జనన మరణాలు లెక్కించే ఎస్‌ఆర్‌ఎస్) ప్రకారం వెయ్యికి 16.4. అంటే 50,000 మందికి ఏటా 820 పుట్టుకలు. గర్భస్రావాలు, ఇతర నష్టాలకు పది శాతం కలిపితే 902 మంది గర్భిణులు నమోదు కావాలి. ఏ రోజు చూసినా అందులో సుమారు సగం, 450 మంది, రిజిస్టరులో ఉండాలి. అదే ఏడాది శిశు మరణ రేటు, వెయ్యి పుట్టుకలకు 21, తీసేస్తే ఏడాది నిండే పిల్లలు 803. ఇప్పుడు ఆ కేంద్రం ఏడాదిలో 1,150 మందికి పూర్తి టీకాలు వేశానంది అనుకుందాం. 143 శాతం. ఏఎన్‌ఎం అబద్ధం రాసిందని వెంటనే అనుమానించడం అన్యాయం. చాలాసార్లు అబద్ధం హారానిది. కాగితం మీద 50,000 ఉన్న చోట నిజంగా 80,000 మంది ఉంటారు.

హారం నమ్మలేని చోట హారం అక్కర్లేని కొలతలు వాడండి. పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి డోసు వేయించుకున్న వాళ్లలో మూడో డోసుకు రాని వాళ్ల శాతం ఇందులో మేలైనది. మొదటి డోసులు 1,000, మూడో డోసులు 880 అయితే జారిపోయింది 12 శాతం. పది దాటితే విచారించాలన్నది ఆనవాయితీ. మూడో డోసులు మొదటి డోసుల కంటే ఎక్కువ వస్తే రాతలో తప్పయినా ఉండాలి, పుట్టింటి నుంచి తిరిగొచ్చిన పిల్లలైనా కావాలి. శివారులో రెండోది తరచూ నిజం.

బీసీజీ నుంచి తట్టు–రుబెల్లా టీకా వరకు జారిన వాళ్ల శాతాన్ని మాత్రం ఇక్కడ కట్టొద్దు. బీసీజీ కాన్పయిన ఆసుపత్రిలోనే వేసేస్తారు, తొమ్మిది నెలల టీకా ఇంటి దగ్గర కేంద్రంలో వేస్తారు. ఆసుపత్రి ఉన్న వార్డు ఘోరంగా, లేని వార్డు అద్భుతంగా కనిపిస్తాయి. రెండూ అబద్ధమే. సిజేరియన్ శాతానికీ ఇదే వర్తిస్తుంది: ఆసుపత్రి లెక్కతో కట్టింది ఆసుపత్రుల పద్ధతిని చూపుతుంది, జిల్లా తల్లుల పరిస్థితిని కాదు.

సర్వే అంకెలు

తల్లుల వైపు నుంచి చూడాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. ఐదో విడత తెలంగాణలో 2019 జూన్ 30 నుంచి నవంబర్ 14 వరకు జరిగింది. రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో, 60.7 శాతం సిజేరియన్, సంతాన రేటు (ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు) 1.8. 27,351 కుటుంబాలు 31 జిల్లాల్లో అంటే జిల్లాకు సగటున 880 ఇళ్లు. 12–23 నెలల పిల్లలు అందులో యాభై అరవై మంది తేలితే గొప్ప. 50 మంది పిల్లల్లో 80 శాతానికి టీకాలు పడ్డాయంటే, గుంపులుగా ఎంచిన నమూనా కాబట్టి, అటూ ఇటూ సుమారు 14 శాతం ఊగుతుంది. జిల్లా పత్రంలో కుండలీకరణాల్లో ఉన్న అంకె 25–49 మంది మీద కట్టింది, నక్షత్రం ఉంటే 25 మంది కూడా దొరకలేదని. కుండలీకరణాలు తీసేసి అంకెను మాత్రం ఎత్తి రాయడం పత్రికల్లో రోజూ జరిగే పొరపాటు. ఇంకొకటి: నాలుగో విడత 2015–16లో జరిగింది, అప్పటికి ఈ జిల్లా లేదు. పాత రంగారెడ్డి అంకెతో పోల్చి 'మెరుగైంది', 'దిగజారింది' అనకండి.

శిశు మరణ రేటు, మాతా మరణాల నిష్పత్తి నమూనా నమోదులో రాష్ట్ర స్థాయికే వస్తాయి. జిల్లాకు ఆ మూలం నుంచి అంకె ఉందని ఎవరైనా చూపిస్తే ఎలా కట్టారో అడగండి.

చిన్న అంకెలు ఊగుతాయి

2018–20లో తెలంగాణ మాతా మరణాల నిష్పత్తి లక్ష పుట్టుకలకు 43. ఏటా 40,000 పుట్టుకలున్న జిల్లాలో అదే స్థాయికి 17 మరణాలు వస్తాయి. ఏమీ మారకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఒక ఏడాది 10, మరో ఏడాది 27 రావచ్చు. పోయినేడు 22, ఈ ఏడు 14 అయితే అది ఎవరి ఘనతా కాదు. మూడేళ్లు కలిపి చూడండి. 20 కంటే తక్కువ ఘటనలున్న గడిలో రేటు వేయకుండా సంఖ్య మాత్రమే రాయండి. మండలాలవారీ మాతా మరణాల నిష్పత్తి అనే పట్టిక అసలు వేయకండి.

పుట్టుకలో ఆడ–మగ నిష్పత్తిదీ ఇదే కథ, పైగా ఇక్కడ తప్పుడు అంకె మనుషుల మీద నింద వేస్తుంది. సహజంగా వెయ్యి మంది మగపిల్లలకు 950 దగ్గర ఆడపిల్లలు పుడతారు. 400 పుట్టుకలున్న మండలంలో ఈ అంకె ఏ తప్పూ జరక్కుండానే 780 నుంచి 1,155 మధ్య ఎక్కడైనా పడొచ్చు. 10,000 పుట్టుకలైతే 913 నుంచి 987. '790కి పడిపోయిన మండలం' అని శీర్షిక పెట్టే ముందు పుట్టుకలెన్నో చూడాలి. పెద్ద ఆసుపత్రులు ఎక్కువున్న చోట నివాసం సరిచేయకపోతే ఆ నిష్పత్తి ఎవరిదో కూడా తెలియదు.

శిశు మరణాల్లో మృతశిశు జననాలను కలపకండి. అవి ఫారం 3లో వేరుగా ఉంటాయి. 28 వారాలు దాటి చనిపోయి పుట్టిన బిడ్డ అందులోకి వస్తుంది, ఒక్క శ్వాస తీసుకుని పోయిన బిడ్డ శిశు మరణాల్లోకి వస్తుంది. ఆసుపత్రులు రెండోదాన్ని మొదటిదానిలో రాయడం ఉంది. అందుకే రెండింటినీ పక్కపక్క గడుల్లో పెట్టండి. ఒకటి తగ్గి మరొకటి అంతే పెరిగితే విషయం అర్థమవుతుంది.

పడుచు జిల్లా, ముసలి జిల్లా

శివారుకు వచ్చేవాళ్లు పని వయసు వాళ్లు. అందుకని ముడి మరణ రేటు, అంటే వయసుల తేడా సరిచేయని రేటు, తక్కువగా కనిపిస్తుంది. ఒక ఊహా లెక్క చూడండి. లక్ష జనాభా ఉన్న రెండు మండలాలు. కొత్త కాలనీల మండలంలో 60 దాటిన వాళ్లు 5,000, పాత ఊళ్ల మండలంలో 15,000. రెండింట్లోనూ 60 లోపు వాళ్లలో వెయ్యికి 3, పైవాళ్లలో వెయ్యికి 40 మంది చనిపోతారనుకుందాం. మొదటిదాంట్లో 285కు 200 కలిపి 485, అంటే వెయ్యికి 4.85. రెండోదాంట్లో 255కు 600 కలిపి 855, అంటే 8.55. ఆరోగ్యంలో వీసమెత్తు తేడా లేదు, వయసులోనే తేడా.

సరిచేయడానికి ఒక ప్రామాణిక జనాభాను ఎంచుకోండి, 2011 తెలంగాణ వయసుల వాటాలు చాలు. ఒక్కో వయసు గుంపు రేటును ఆ వాటాతో గుణించి కూడండి. 0, 1–4, 5–14, 15–44, 45–59, 60–69, 70 పైన అన్న ఏడు గుంపులు సరిపోతాయి. ఇంకా చీలిస్తే గడులు ఖాళీ అవుతాయి. ముడి రేటు, సరిచేసిన రేటు రెండూ ఇవ్వండి. పడకలు, సిబ్బంది కావాల్సింది ముడి సంఖ్యకే.

జ్వరాలు, క్షయ

వ్యాధి నిఘాలో మూడు రకాల పత్రాలు: ఎస్ అంటే ఏఎన్‌ఎం అనుమానించినవి, పీ అంటే వైద్యుడు లక్షణాలను బట్టి తేల్చినవి, ఎల్ అంటే ల్యాబ్‌లో రుజువైనవి. మూడింటినీ కూడితే ఒకే జ్వరం మూడుసార్లు లెక్కకొస్తుంది. డెంగీకి ఎలైసా పరీక్షలో తేలినవే ప్రభుత్వ ఖాతాలో రుజువైనవి. కిట్ పరీక్షలు దానిలోకి రావు. ఆసుపత్రులు చెప్పే సంఖ్యకూ అధికారులు చెప్పేదానికీ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇదే, ఎవరూ దాచడం కాదు. రోగి పేరు, వయసు, ఫోను చివరి నాలుగంకెలు, నమూనా తేదీ కలిపి రెట్టింపులు ఏరేయండి. ఒకే మనిషి కుషాయిగూడలో ఒక ల్యాబ్‌కూ, సికింద్రాబాద్‌లో మరో ల్యాబ్‌కూ వెళ్లి ఉంటాడు. నిఘా లెక్కలో వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. పోల్చేటప్పుడు గత ఏడాది అదే వారంతో పోల్చండి, గత నెలతో కాదు.

క్షయ నమోదు 2012 మే నుంచి ప్రైవేటు వైద్యులకూ తప్పనిసరి. నిక్షయ్‌లో, అంటే క్షయ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరులో, నమోదు చేసిన ఆసుపత్రి జిల్లా ఒకటి, రోగి ఉంటున్న జిల్లా మరొకటి కావచ్చు. జిల్లా భారం చెప్పాలంటే రెండోది వాడండి. మొదటిది ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటివి ఉన్న హైదరాబాద్‌ను పెంచి శివారును తగ్గిస్తుంది.

పట్టిక వేసేటప్పుడు

ప్రతి పట్టిక కింద నాలుగు విషయాలు ఉండాలి: లవం ఎక్కడిది, ఏ తేదీల మధ్యది, జరిగిన చోటుదా నివాసానిదా, హారం ఏ జనాభా ఏ తేదీది. సరిచేయని వాటిని ముదురు రంగు పటంలో వేయకండి. రంగు చూసినవాడు కింది గమనిక చదవడు. దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు. 40,000 పుట్టుకల మీద కట్టిన రేటుకు మూడు దశాంశాలు పెట్టడం లేని నమ్మకాన్ని అమ్మడమే.

హెచ్‌ఐవీ, క్షయ, ఆత్మహత్యలు, మాతా మరణాలు ఉన్న పట్టికల్లో ఊరు లేదా వార్డు గడిలో 5 కంటే తక్కువ ఉంటే అంకె చూపకుండా '5 లోపు' అని రాయండి. అలా దాచిన గడి ఒక్కటే ఉంటే మొత్తంలోంచి తీసేసి ఎవరైనా కనుక్కోగలరు కాబట్టి, అదే వరుసలో మరో చిన్న గడినీ దాచండి. అసలు సంఖ్యలున్న ఎక్సెల్ ఫైలును నివేదికతో పాటు పంపొద్దు. పట్టిక బొమ్మలో దాచిన గడి ఆ ఫైలులో ఇంకా కనబడుతూనే ఉంటుంది.